వాసన పోయింది

గ్లాసు ఖాళీ అయ్యాక అడుగున నల్లటి తునకలు కనిపించాయి. పాలు అడుగంటాయని అతనికి అప్పుడు తెలిసింది.

మామూలు రోజైతే గ్లాసు దాకా రానక్కర్లేదు. పెరట్లో మొహం కడుక్కుంటూనే మాడు వాసన పట్టేసేవాడు. తువ్వాలు భుజాన వేసుకుని వంటగదిలోకి వచ్చి, ముందు ఒకటి పీకి, ధ్యాస ఎక్కడ పెట్టావని తర్వాత అడిగేవాడు. ఈ రోజు చివరి చుక్కదాకా తాగేశాడు. ఇప్పుడు నోరు చేసుకుంటే, మాడిన పాలని తెలిసీ ఎందుకు తాగారని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆవిడ ఎదురు ప్రశ్నలు వేసే మనిషి కాదు. అయినా భయం వేసింది.

పొయ్యి పక్కన నిలబడి భార్య అతన్నే చూస్తోంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. దాని చుట్టూ చర్మం వంకాయ రంగుకు తిరిగింది. తెరిచి ఉన్న కుడి కన్ను మాత్రం అతని మొహం మీది నుంచి కదల్లేదు.

“ఇంకొంచెం పొయ్యమంటారా?” అంది.

“వద్దు.”

గ్లాసు బోర్లించి పెట్టాడు. ఆవిడ అటు తిరిగి క్యారియరు సర్దసాగింది. తిరిగేటప్పుడు పెదవి చివర ఏదో కదిలినట్టు అనిపించింది గానీ, వాచిన మొహం మీద నవ్వేదో నొప్పేదో చెప్పడం కష్టం. అతను చెప్పులేసుకుని బయటపడ్డాడు.

బండ్లు బాగుచేసే షెడ్డులో అతన్ని అందరూ ముక్కు అంటారు. ముక్కు మీదే కోపం అనే మాట వీడి కోసమే పుట్టి ఉంటుందని షెడ్డు యజమాని అంటుంటాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. బండిలో కూర్చున్నవాడికి పొగ వాసన వస్తోందంటే, అది ఎక్కడ పుట్టి ఏ సందులోంచి లోపలికి దూరుతోందో చెప్పడం వేరే పని. అద్దాలన్నీ ఎత్తేసి, ఇంజను నడుస్తుండగా అతను లోపల కూర్చుంటాడు. కళ్ళు మూసుకుని చిన్న చిన్న గుక్కలుగా గాలి పీలుస్తాడు. గాలి వచ్చే కంతల దగ్గర మొదలుపెట్టి, గేరు రాడ్డు మొదట్లో ఉండే రబ్బరు తొడుగు, తలుపుల అంచులు, సీటు కింద రేకు, వెనక తలుపు దాకా కుక్కపిల్లలా పాక్కుంటూ వెళతాడు. మధ్యమధ్య మోచేతి మడతలో మొహం పెట్టుకుని తన ఒంటి వాసన తనే చూసుకుంటాడు. అప్పుడు ముక్కు మళ్ళీ కొత్తదవుతుందట. చివరికి ఒకచోట వేలు పెట్టి “ఇక్కడ” అంటాడు. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు.

ఆ ముక్కు పుట్టుకతో వచ్చింది కాదు. పని నేర్పిన మేస్త్రి కొట్టి తయారుచేసింది. నూనె గుడ్డతో కళ్ళకు గంతలు కట్టి, ముక్కు కింద ఏదో పెట్టి, “ఏంటది?” అనేవాడు మేస్త్రి. కాలిన క్లచ్చా, బ్రేకు నూనా, వేడెక్కిన వైరా, పచ్చి పెట్రోలా, కాలిన పెట్రోలా. తప్పు చెబితే పానాతో నడినెత్తి మీద పడేది. కళ్ళకు గంతలుంటే దెబ్బ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి మెడ దానంతటదే లోపలికి ముడుచుకునేది. ఇప్పటికీ జుట్టు పక్కకు తీస్తే అక్కడొక పల్లం తగులుతుంది. “పొగ వాసన మనిషిని చంపదురా,” అనేవాడు మేస్త్రి, కొట్టిన చేత్తోనే బీడీ ముట్టించుకుంటూ. “చంపేదానికి అసలు వాసనే ఉండదు. వాసన దాని మెడలో కట్టిన గంట. గంట విని దొంగ గొడ్డును పట్టుకోవాలి.”

దెబ్బలే తనను మనిషిని చేశాయని అతను గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఇంటికి వెళ్ళేవాడు. ఇంత పనికొచ్చే ముక్కు గుమ్మం దగ్గర ఆగిపోదు కదా. కూర మాడినా, పాలు విరిగినా, తడిబట్టలు ముక్కిపోయినా అతనికే ముందు తెలిసేది. తెలిసిన మరుక్షణం ఆమెకీ తెలిసేది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసి, అతను వచ్చే వేళకి కిటికీలన్నీ తెరిచి పెట్టడం మొదలుపెట్టింది.

మొన్న సాయంత్రం కిటికీలు తెరిచే ఉన్నాయి. అయినా ఆమె బట్టల మీద నారింజ తొక్క వాసన పట్టాడు. దాని అడుగున కాలిన పెట్రోలు. నారింజలు, పెట్రోలు కలిసి ఉండేది ఒక్కచోటే. బామ్మర్ది వ్యానులో. వాడు పళ్ళ బుట్టలు తోలుతాడు. ఆ ఇంటి గడప తొక్కవద్దని అతను ఏనాడో హుకుం జారీ చేశాడు. తమ్ముడి పాపకి జ్వరమొస్తే చూసి వచ్చానని ఆవిడ చెప్పబోయింది. చెప్పడం పూర్తికాకముందే పిడికిలి కంటి మీద పడింది.

నిన్న ఉదయం బామ్మర్ది షెడ్డుకు వచ్చాడు. వస్తూనే అతని జుట్టు రెండు చేతులా ఒడిసి పట్టుకుని, తన నుదురు తీసుకొచ్చి ముక్కు మీద మోదాడు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. కిందపడ్డాక డొక్కలో ఒక తన్ను తన్ని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఎవరూ అడ్డం రాలేదు. యజమాని టీ గ్లాసు దించకుండా చూశాడు. రక్తం కడుక్కున్నాక పెట్రోలు గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు అతను. తుడుచుకుంటూ ఆగిపోయాడు. గుడ్డ చల్లగా ఉంది. ఏ వాసనా లేదు.

వాపు తగ్గితే వస్తుందనుకున్నాడు. రాత్రి దిండు వాసన చూశాడు, తెల్లారి సబ్బు వాసన చూశాడు. ఎవరికీ చెప్పలేదు. ఏళ్ళ తరబడి పొగ మింగిన ఒళ్ళు అది. వేళ్ళు వణుకుతాయి, చిన్న నట్టు పట్టుకుంటే జారిపోతుంది. “ముక్కును పనిలో పెట్టుకున్నాను, మిగతా ఒళ్ళు దాని వెంట ఊరికే వస్తోంది,” అని యజమాని అందరి ముందూ వేళాకోళమాడుతుంటాడు. ముక్కు పోతే మిగతా ఒళ్ళును గేటు బయట పెడతాడని అతనికి తెలుసు. ఈ వయసులో ఈ వణికే చేతులతో ఎక్కడికి పోవాలో తెలియదు. అందుకే పొద్దున్నుంచి చక్రాల బోల్టులు విప్పుతూ, బిగిస్తూ, ముక్కుతో పని పడకూడదని కోరుకుంటున్నాడు.

వ్యాను వచ్చి ఎదురుగా ఆగింది. వెనక నారింజ బుట్టలు పేర్చి ఉన్నాయి. బామ్మర్ది దిగాడు.

“తల పగిలిపోతోంది బావా. నిన్న రెండుసార్లు వాంతయింది. పొగంతా లోపలికే వస్తోంది, చూడు,” అంటూ తాళం చెవి అతని మొహం మీదికి విసిరాడు.

“నిన్న ముక్కు పగలగొట్టి, ఈ రోజు దాంతోనే పనా?”

“మా అక్క కంటికి నీ ముక్కు చాలదు. పన్లో పని మూతి కూడా పగలగొట్టాల్సింది.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. యజమాని లోపల్నుంచి, “కుటుంబ విషయాలు తర్వాత. ముందు బండి సంగతి చూడండి,” అని అరిచాడు.

అతను లోపల కూర్చుని అద్దాలెత్తి ఇంజను తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. గుక్కలు గుక్కలుగా పీల్చాడు. మోచేతి మడతలో మొహం దాచుకున్నాడు. అక్కడ కూడా ఏమీ లేదు, తన చెమట వాసన కూడా. తర్వాత ముక్కు లేనివాళ్ళు చేసే పనే తనూ చేయబోయాడు. పొగ గొట్టం చివర తడిగుడ్డ గట్టిగా కట్టి, లీకు ఎక్కడ బుస్సుమంటుందో చెవితో వెతుకుతూ బండి కిందికి దూరాడు.

బయటికి ఉన్న అతని కాలి మీద బూటు పడింది.

“నిద్రపోతున్నావా? తొందరగా కానీ.”

రెండోసారి పడ్డప్పుడు అతను బయటికి దొర్లి, చేతిలో ఉన్న పానాతోనే మోకాలి మీద ఒకటి వేశాడు. బామ్మర్ది కుంటుతూ మీదికి దూకాడు. ఇద్దరూ నూనె మడుగులో దొర్లారు. ఒకరి వేళ్ళు ఒకరి గొంతు మీద, ఒకరి మోకాలు ఒకరి పొట్టలో. విరిగిన ముక్కులోంచి మళ్ళీ రక్తం కారి బామ్మర్ది చొక్కా మీద పడింది. యజమాని విసిరిన ఇనప ముక్క వాళ్ళ తలల పక్కనే నేలకు తగిలి ఎగిరింది.

“చస్తే బయట చావండి. నా షెడ్డులో కాదు!”

ఇద్దరూ విడిపోయి, చెరో చక్రానికి ఆనుకుని రొప్పుతూ కూర్చున్నారు. బామ్మర్ది మోకాలు రుద్దుకున్నాడు. వాడి కోపం తొందరగా వచ్చి తొందరగా పోయే రకం.

“అసలు నీ దగ్గరికి వచ్చేవాణ్ణే కాదు,” అన్నాడు. “మొన్న అక్కని ఈ బండిలోనే దింపాను. ఎక్కగానే అంది, లోపల పొగ వాసన వస్తోందిరా, ఇంట్లో పసిపిల్ల ఉంది, దీన్ని ఇలా తోలకు అని. బావకి చూపించు, ఇట్టే పట్టేస్తాడు అంది. నిన్న కన్ను మూసుకుపోయి పడుకుని కూడా అదే అంది. ఎవరెవరి దగ్గరికో పోవద్దు, బావకే చూపించు అని.”

మొన్న గుమ్మంలో తన ముక్కుకు తగిలింది ఈ పొగే. మేస్త్రి పెంచిన ముక్కు సరిగ్గానే పనిచేసింది. కాలిన పెట్రోలు అని చెప్పింది. ఎవరి బండిలో లీకుందని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి బదులు కొట్టాడు. నోట్లోకి కారిన రక్తం ఉప్పగా తగిలింది. సిగ్గేసింది. తన గురించి తనకు సిగ్గేయడం అతనికి అలవాటు లేదు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ బండి కిందికి దూరాడు.

ఇంజను దగ్గర, పొగ గొట్టం అతికే చోట బుస్సుమంటోంది. సబ్బు నురగ పూస్తే బుడగలు లేచాయి. అతుకు మధ్య వేసే పాత గాస్కెట్టు పెచ్చులుగా ఊడింది. గీకి, కొత్తది వేసి, బోల్టులు బిగించాడు. వేళ్ళు వణికాయి గానీ జారలేదు. మళ్ళీ తడిగుడ్డ కట్టాడు. బుస్సుమనడం ఆగింది. కానీ లీకు ఒకటి దొరికితే పక్కనే ఇంకొకటి దాక్కుని ఉంటుందని మేస్త్రి పాఠం. అది చెవికి దొరకదు. అద్దాలెత్తిన బండిలో కూర్చున్న ముక్కుకే దొరుకుతుంది. అతను మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. ప్రాణమంతా ముక్కులోకి తెచ్చుకుని పీల్చాడు. ఇంజను అతని కాళ్ళ కింద తిరుగుతూనే ఉంది. దేని వాసనా లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెప్పేద్దామనుకున్నాడు. బావకే చూపించు అన్న ఆ ఒక్క మాట కోసమైనా నిజం చెప్పేయాలి. తలుపు తెరుచుకుని దిగాడు.

“ఏమైంది?” అన్నాడు బామ్మర్ది.

అతను తల దించుకుని, నిన్నటి నుంచి ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

“వాసన పోయింది.”

“పోయిందా!” బామ్మర్ది మొహం వెలిగిపోయింది. 

ఆ మాటకు రెండర్థాలున్నాయని అతనికి అప్పుడు తట్టింది. “నాకు...” అని మొదలుపెట్టాడు.

“నాకు తెలుసు బావా! నీ చేతిలో పడితే పోకుండా ఎక్కడికి పోతుంది? అక్క ఊరికే చెప్పిందా?” వాడు అతని వీపు మీద చరిచాడు. కొట్టినా మెచ్చినా ఒకే బరువున్న చెయ్యి అది.

“పోయిందా?” యజమాని బయటికి వచ్చాడు. “అదీ, ముక్కంటే ముక్కే. బండి తియ్యి మరి, లారీ వస్తోంది, జాగా కావాలి.”

అందరూ అతన్నే చూస్తున్నారు. నోరు తెరిచి ‘బండిలో వాసన కాదు, నాకు వాసన పోయింది’ అనడమే. ఎంతసేపు? అంటే యజమాని నవ్వుతాడు, గేటు చూపిస్తాడు. అతను నోరు తెరవలేదు. లీకు మూసేశాను కదా అనుకున్నాడు. బుస్సుమనడం ఆగింది కదా అనుకున్నాడు. నిన్న నా జుట్టు పట్టుకున్న చేతులే కదా, ఇంకాస్త తలనొప్పి పడితే ఏం పోతుంది అని కూడా మనసులో ఓ మూల అనుకున్నాడు. అనుకోలేదంటే అబద్ధమవుతుంది.

బామ్మర్ది వెనక బుట్టలోంచి కొన్ని నారింజలు సంచిలో వేసి, అతని గుండెల మీదికి బలంగా విసిరాడు.

“అక్కకి. నువ్వు ముట్టుకున్నావంటే చంపేస్తాను.” బండెక్కాక తల బయట పెట్టి, “సరేలే, ఒకటి తిను,” అన్నాడు.

సంచి బల్ల మీద పెట్టేలోపు వాన మొదలైంది. పెద్ద చినుకులు. వ్యాను గేటు దాటుతుంటే డ్రైవరు వైపు అద్దం పైకి లేవడం అతను చూశాడు. ఇన్నాళ్ళూ పొగకు భయపడి, వాన కురిసినా దించే ఉంచిన అద్దం అది. పూర్తిగా మూసుకుంది. అతను చెయ్యెత్తి, వానలోకి నాలుగడుగులు వేశాడు. బామ్మర్ది అద్దంలోంచి చూసి, టాటా చెబుతున్నాడనుకుని, హారను కొట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం క్యారియరు విప్పాడు. పక్కనుంచి పోతున్న యజమాని ముక్కు మూసుకున్నాడు.

“ఏంటయ్యా ఈ మాడు కంపు? కూరంతా బొగ్గయింది. ముక్కున్న మనిషివి ఎలా తింటున్నావు?”

“ఆకలేస్తోంది,” అన్నాడు అతను. అంతా తిన్నాడు. నాలుక మీద ఇసకలా గరగరలాడింది.

లారీ చక్రం విప్పుతుండగా యజమానికి ఫోను వచ్చింది. వింటూ వింటూ ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. రోడ్డు పక్కన వ్యాను ఆగి ఉందట. ఇంజను నడుస్తూనే ఉందట. తల తిరిగి పక్కకు తీసి ఆపుకున్నట్టున్నాడు. స్టీరింగు మీద తల ఆనించి ఉంటే, వానకి ఆగి నిద్రపోతున్నాడని చాలామంది పక్కనుంచే వెళ్ళిపోయారట. ఎవరో అద్దం తట్టారు. తర్వాత పగలగొట్టారు. అప్పటికే ఒళ్ళు చల్లబడిందట. సీటు వెనక, రేకు కింద గొట్టానికి తుప్పు పెచ్చుల చాటున సన్నటి చీలిక ఉందట.

“నువ్వు వాసన పోయిందన్నావు కదరా?” అన్నాడు యజమాని.

“పోయింది,” అన్నాడు అతను.

ఆయనకు ఇప్పుడు కూడా అర్థం కాలేదు. అతను పానా కింద పెట్టాడు.

భార్య వచ్చేసరికి వాన తగ్గింది. తడిసి ముద్దయి ఉంది. అతను గోడవార కూర్చున్నాడు. కబురు ఆమెకూ చేరిందని మొహం చూడగానే తెలిసింది. ఏడవడం లేదు. షెడ్డులో పని ఆగిపోయింది, అందరూ పక్కకు తప్పుకున్నారు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి ఖాళీ క్యారియరు మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది.

“తిన్నావా?” అంది.

ఇన్నేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

“పొద్దున పాలు తాగినప్పుడే తెలిసింది నాకు. నవ్వుకున్నాను. ఇక ఈ ఇంట్లో ఏం మాడినా నా మీద చెయ్యి పడదని నవ్వుకున్నాను. కూర కావాలనే మాడబెట్టాను.” గొంతు ఎక్కడా పైకి లేవలేదు. “బండి నీకే చూపించమని వాడికి చెప్పింది నేనే. నవ్వులో పడి అది గుర్తు రాలేదు.”

అతను ఏదో అనబోయాడు.

“కళ్ళు మూసుకో.”

మూసుకున్నాడు. అడుగుల చప్పుడు బల్ల దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. విరిగిన ముక్కు కింద ఏదో వచ్చి ఆగింది. దాని చల్లదనం పెదవికి తగిలింది.

“ఏంటది?”

గంతలు లేవు గానీ, మెడ దానంతటదే భుజాల్లోకి ముడుచుకుంది. అతను పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. షెడ్డులో ఆమె చేతికి ఏం దొరికి ఉంటుందా అని ఆలోచించాడు. చల్లగా ఉంది, తడిగా ఉంది.

“పెట్రోలు గుడ్డ,” అన్నాడు.

నెత్తి మీద పల్లం ఉన్నచోట దెబ్బ కోసం ఎదురు చూశాడు. కొట్టు అనుకున్నాడు. కొడితే బాగుండును, కొడితే అయిపోతుంది అనుకున్నాడు. రేకుల మీద నుంచి నీటిబొట్లు పడుతున్నాయి. ఎంతసేపైనా దెబ్బ పడలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆమె లేదు. తడి అడుగులు గేటు దాకా ఉన్నాయి. అక్కడినుంచి ఇంటివైపు కాకుండా, తమ్ముడి ఇంటివైపు తిరిగాయి. ఆ రోజే కాదు, మరే రోజూ ఆమె అతని ఇంటికి తిరిగి రాలేదు.

బల్ల మీద సంచి పక్కన ఒక నారింజ ఉంది, తొక్కలో బొటనవేలి గోరు లోతుగా దిగిన గుర్తుతో, ఆ గంటులోంచి రసం ఇంకా కారుతూ.